ఎక్స్‌రే, సీటీ గదిలోకి వచ్చిన పేషెంట్‌లో మనం ఏం చూడాలి?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు రేడియాలజీ టెక్నీషియన్ కోర్సు ఆఖరి ఏడాదిలో ఉన్నారు, వచ్చే నెల నుంచి నైట్ డ్యూటీలు. పుస్తకంలో పేషెంట్ అసెస్‌మెంట్ అని పెద్ద చాప్టర్ ఉంది గానీ, మీరు చూసిన గదుల్లో ఎవరూ అదేమీ చేస్తున్నట్టు కనబడలేదు. డాక్టర్ చూసి, సిస్టర్ బీపీ రాసి పంపిన పేషెంట్‌ని మనం మళ్లీ చూడాలా, చూస్తే ఏం చూడాలి? ఇదీ మీ సందేహం.

చూడాలి. స్లిప్పు మీద ఉన్నది అది రాసినప్పటి సంగతి. క్యాజువాలిటీలో రాసి, బిల్లు కట్టి, లిఫ్టు కోసం నిలబడి, మన కారిడార్‌లో వరసలో కూర్చుని గుమ్మం దాకా వచ్చేసరికి ఒక్కోసారి గంట దాటుతుంది. ఈలోపు ఆక్సిజన్ సిలిండర్ అయిపోయి ఉండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు, కడుపులో రక్తం కారుతూ ఉండొచ్చు. పైగా మనం ఊరికే ఫోటో తీసి పంపం. కూర్చున్న మనిషిని పడుకోబెడతాం, పడుకున్న మనిషిని నిలబెడతాం, ఊపిరి బిగబట్టమంటాం, నరంలోకి మందు ఎక్కిస్తాం. ఇవన్నీ మనం చేసే మార్పులే. ఆ తలుపు వేసుకున్నాక లోపల ఇంకెవరూ ఉండరు.

ఈ పనిలోకి వచ్చి నాకు ఇరవై మూడేళ్లు. కొత్తలో చేసిన ఒక తప్పు చెప్తాను, మిగతా సమాధానమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అప్పట్లో ఇంకా ఫిల్ములు డార్క్‌రూమ్‌లో కడిగేవాళ్లం. ఒక రాత్రి అరవై దాటిన పెద్దాయన్ని వీల్‌చైర్‌లో తెచ్చారు. స్లిప్పు మీద ఛాతీ ఎక్స్‌రే అని తప్ప ఇంకేం లేదు. నిలబడలేకపోతున్నాడు కాబట్టి టేబుల్ మీద పడుకోబెట్టాను. "బాబూ, పడుకుంటే ఆయాసం వస్తది, కూసోనియ్యి" అన్నాడు. "ఒక్క నిమిషం పెద్దాయనా, అయిపోతుంది" అన్నాను. ఫిల్ము ఉండే క్యాసెట్ సర్ది, ట్యూబు దించి, కన్సోల్ వెనక్కి వెళ్లి చూస్తే, ఆయన రెండు చేతుల్తో టేబుల్ అంచులు పట్టుకుని పైకి లేవడానికి పెనుగులాడుతున్నాడు. పెదాలు నీలంగా తిరిగాయి, నోటి పక్కన గులాబీ రంగు నురగ. పరిగెత్తి లేపి కూర్చోబెట్టి కేక వేస్తే డ్యూటీ డాక్టర్ వచ్చి చూసుకున్నారు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషి. బతికాడు. కానీ నేను యంత్రం దగ్గర ఏ తప్పూ చేయలేదు చూడండి. కేవీ (ఎక్స్‌రే వోల్టేజీ) సరిగ్గానే పెట్టాను, సెంటరింగ్ సరిగ్గానే చేశాను. పడుకోలేనని మనిషి తన నోటితో చెప్పిన మాట ఒక్కటే వినలేదు.

విని ఉంటే కూర్చోబెట్టే తీసేవాణ్ని. ఫిల్ము కూడా మెరుగ్గా వచ్చేది. పడుకోబెట్టి తీస్తే గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనబడుతుంది, ఛాతీలో నీరు ఉంటే వెనక్కి పరుచుకుని సరిగా తేలదు. అప్పట్నుంచి ఆయాసంతో వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాను: రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటారు? మూడు దిండ్లు అన్నా, కూర్చునే నిద్రపోతున్నా అన్నా ఆ మనిషిని చదునుగా పడుకోబెట్టను. సీటీకైతే తప్పదు గనక ముందే డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆక్సిజన్ పెట్టించి, మెషీన్ అంతా సిద్ధం చేసుకున్నాక ఆఖర్లో పడుకోబెడతాను. ఈ వరస గుర్తుపెట్టుకోండి. పడుకోబెట్టి వివరాలు టైపు చేస్తూ కూర్చోకూడదు.

ఇక గుమ్మం దగ్గర ఏం చూడాలో చెప్తాను. మనిషి లోపలికి వస్తుండగానే సగం తెలిసిపోతుంది. నడిచి వస్తున్నాడా, గోడ పట్టుకుని వస్తున్నాడా, పొట్ట మీద చెయ్యి వేసుకుని వంగి వస్తున్నాడా. పేరు అడిగితే ఒక్క ఊపిరిలో చెప్తున్నాడా, రెండు మాటలకోసారి ఆగుతున్నాడా. ఏసీ గదిలో నుదుటి మీద చెమట ఉంటే నేను వెంటనే చేతిని ముట్టుకుంటాను. చల్లగా, జిగటగా ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టాల్సిందే. ఎడమ భుజం నొప్పికి ఎక్స్‌రే రాయించుకుని వచ్చినవాళ్లలో గుండెపోటువాళ్లు ఉంటారని మీకు క్లాసులో చెప్పే ఉంటారు. అది పుస్తకం మాట కాదు, ఏడాదికి ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు.

అంకెలు కూడా నాలుగు మనసులో ఉండాలి. పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలు, నాడి 60 నుంచి 100. శ్వాసలు 25 దాటుతున్నా, నాడి 120 దాటినా, పై బీపీ 90 కంటే తక్కువున్నా, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94 కంటే కిందున్నా ఒక్కణ్ని గదిలో వదిలి తలుపు వేయను. శాచురేషన్ దగ్గర ఒక మెలిక ఉంది. ముప్పై నలభై ఏళ్లు చుట్టలు, బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడైన వాళ్లకి డాక్టర్లు 88 నుంచి 92 మధ్యే ఉంచమంటారు. 90 చూసి కంగారుపడి మనం ఆక్సిజన్ పూర్తిగా తిప్పేస్తే వాళ్లు మత్తులోకి జారే ప్రమాదం ఉంది. వార్డు నుంచి ఎంత మీద వచ్చిందో అంత మీదే ఉంచి, అడిగి మార్చాలి. ఇంకో సంగతి, గోళ్ల రంగు ఉన్నా వేళ్లు చల్లబడినా వేలికి పెట్టే ఆ చిన్న మెషీన్ తప్పు చూపిస్తుంది. అంకెకీ మనిషికీ పొంతన లేకపోతే మనిషినే నమ్మండి.

పేరు సంగతి చిన్న విషయంలా ఉంటుంది గానీ కొంపలు ముంచేది అదే. "మీరు లక్ష్మిగారేనా?" అని ఎప్పుడూ అడగొద్దు. చెవుడు ఉన్న ముసలమ్మ, భయంతో ఉన్న మనిషి, వరస ఎప్పుడొస్తుందా అని చూస్తున్న మనిషి, అందరూ "ఆఁ" అనే అంటారు. నేను పనిచేసిన ఒకచోట ఒకే పూట ఇద్దరు లక్ష్మమ్మలు వచ్చారు. ఒకరికి నడుము, ఒకరికి మోకాళ్లు. నడుమావిడకి మోకాళ్లు తీసి పంపాం. ఆవిడ నోరెత్తలేదు, "డాక్టర్ గారు మోకాళ్లు కూడా చూద్దామన్నారేమో అనుకున్నా" అంది తర్వాత. కాబట్టి "మీ పేరేంటమ్మా? ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఎక్కడ నొప్పి, వేలు పెట్టి చూపించండి" అని అడగాలి. వేలు పెట్టి చూపించమనడంలో ఇంకో లాభం ఉంది. స్లిప్పు మీద కుడి అని ఉండి, వేలు ఎడమ వైపు వెళ్తే అక్కడే ఆగిపోతాం. రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి సరిచేయించాలి, మనంతట మనం కొట్టేసి రాయకూడదు. మాట్లాడలేని స్థితిలో ఉంటే చేతి పట్టీ, కేసుషీట్ చూడాలి.

బట్టలు, నగలు కూడా అసెస్‌మెంట్‌లో భాగమే. నూనె రాసి బిగించి అల్లిన తడి జడ భుజం మీద పడి ఉంటే ఊపిరితిత్తి పై భాగంలో మచ్చలా కనబడుతుంది. పదిహేడేళ్ల పిల్లకి అలాగే వస్తే టీబీ అనుమానమని రాయబోయారు. జడ నెత్తి మీదకి ముడేసి మళ్లీ తీస్తే ఏమీ లేదు. మగవాళ్లకి మొలతాడు, దానికి తాయెత్తు, దానికో పిన్నీసు. పంచె మడతలో చిల్లర. వీటిని "తీసేయండి" అని కసిరితే దాచుకుంటారు, "బొమ్మలో అడ్డం వస్తుంది, మళ్లీ తీయాల్సొస్తుంది" అంటే వాళ్లే తీస్తారు. పుస్తెల తాడు దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి. ఛాతీ ఎక్స్‌రేకి పైకి లాగి పట్టుకుంటే చాలు, మెడ వెన్నుకైతే తీయక తప్పదు. అప్పుడు చాలామంది పసుపు తాడు కట్టుకుని దాన్ని తీస్తారు, ఆ రెండు నిమిషాలు ఆగండి. తీసిన బంగారం మాత్రం మీ చేత్తో తీసుకోవద్దు. వెంట వచ్చినవాళ్ల చేతికే ఇప్పించండి.

గర్భం గురించి అడగడం కొత్తవాళ్లకి మహా ఇబ్బంది. ముఖ్యంగా అబ్బాయిలకి. పొట్ట, కటి, నడుము ఎక్స్‌రేలకీ సీటీలకీ అడిగి తీరాలి. భర్త, అత్తగారు, తల్లి పక్కనుండగా అడిగితే నిజం రాదు. పెళ్లికాని అమ్మాయి అయితే మరీ. సిస్టర్‌ని పిలిచి పక్కకి తీసుకెళ్లి అడిగించండి. "గర్భవతా?" అంటే "కాదు" అని టక్కున వచ్చేస్తుంది, ఎందుకంటే చాలామందికి తెలియదు. "ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అనాలి. జవాబు తేదీల్లో రాదు, "ఉగాదికి రెండ్రోజుల ముందు" అని వస్తుంది. గోడ మీద పండగలుండే క్యాలెండర్ ఒకటి వేలాడదీసుకోండి, నవ్వులాటకి చెప్పడం లేదు. నెల దాటిపోయి ఉంటే తీయడం ఆపి డాక్టర్‌కి చెప్పాలి. కటి భాగానికి ఎక్కువ మోతాదు పడే సీటీలాంటి వాటికి చాలాచోట్ల నెలసరి మొదలైన పది రోజుల్లోపే తీసే పద్ధతి ఉంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గర్భిణి అనగానే చెయ్యి విరిగినా ఎక్స్‌రే తీయననే టెక్నీషియన్లని చూశాను. ఛాతీ ఎక్స్‌రేలో కడుపులోని బిడ్డకి చేరే రేడియేషన్ 0.01 మిల్లీగ్రే లోపే. 50 మిల్లీగ్రే లోపు మోతాదుతో పిండానికి హాని జరుగుతుందని తేలలేదు. యాక్సిడెంట్‌లో వచ్చిన గర్భిణికి తల్లి ప్రాణమే ముందు. నిర్ణయం డాక్టర్‌ది, తెలిసిన విషయం దాచకుండా ఆయన ముందు పెట్టడం మన పని.

దెబ్బలు తగిలి వచ్చినవాళ్ల విషయంలో ఒకటే మాట: కదిపే ముందు చూడండి, కదిపాక మళ్లీ చూడండి. మెడకి కాలర్ ఉంటే మనం విప్పకూడదు. పడుకున్నవాణ్ని పడుకున్నట్టే ఉంచి పక్క నుంచి తీయాలి, ఏడో మెడ పూస, దాని కింద మొదటి ఛాతీ పూస కనబడేదాకా ఆ ఫిల్ము పూర్తయినట్టు కాదు. బాత్‌రూమ్‌లో జారిపడ్డ ముసలమ్మ కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే లెక్క. ఆ కాలుని మడిచి పక్కకి వాల్చి తీసే పద్ధతి ఆవిడకి పనికిరాదు. ముందు కటి మొత్తం ఒకటి ఎదురుగా తీసి, పక్క ఫిల్ము అవసరమైతే బాగున్న కాలు ఎత్తి పట్టించి అడ్డంగా తీయాలి.

చెయ్యి విరిగిన పిల్లల్లో నేను తప్పకుండా చూసేది వేళ్లు. గోరు మీద నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మణికట్టు దగ్గర నాడి దొరకాలి. వేళ్లు కదపమంటే కదపాలి. మోచేతి పైన విరిగినప్పుడు చెయ్యి బలవంతంగా చాపితే రక్తనాళం నలిగిపోతుంది, అందుకే ఉన్న వంపులోనే ఉంచి ట్యూబునీ క్యాసెట్‌నీ తిప్పుకోవాలి. నాటు కట్టు వేయించుకుని రెండు మూడు రోజుల తర్వాత వచ్చేవాళ్లు మన దగ్గర ఎప్పుడూ ఉంటారు. కట్టు కింద వేళ్లు ఉబ్బి, నల్లబడి, మొద్దుబారి ఉంటే ఎక్స్‌రే వరసలో కూర్చోబెట్టే కేసు కాదది. చిన్నగా వేలు చాపితేనే పిల్లాడు కెవ్వుమన్నా అంతే. అప్పటికప్పుడు డాక్టర్‌ని పిలవాలి.

నల్గొండ వైపు, కనిగిరి వైపు పనిచేస్తే ఇంకో రకం పేషెంట్లు వస్తారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను కొయ్యలా బిగుసుకుపోయిన వాళ్లు. పడుకోబెడితే తల టేబుల్‌కి ఆనదు. ఆనించాలని నొక్కకండి. తల కింద, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి మనమే సర్దుకోవాలి. ఎముక చిక్కబడి ఉంటుంది గనక మామూలు ఎక్స్‌పోజర్ (ఎక్స్‌రే మోతాదు) సరిపోదు, అది కూడా మనిషిని చూసి ముందే అంచనా వేసుకోవచ్చు.

చంటిపిల్లలు వేరే లోకం. "రూపాయి బిళ్ల మింగాడు" అని తెస్తారు. ఫిల్ములో గుండ్రంగా కనబడగానే అంచు చూడండి. అంచు లోపల ఇంకో వలయం ఉంటే అది నాణెం కాదు, బటన్ బ్యాటరీ. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేయడం మొదలుపెడుతుంది. రిపోర్టు కోసం ఆగకుండా ఆ ఫిల్ము తెర మీద ఉండగానే ఫోన్ చేయాలి. పల్లీ గింజ, చింతగింజ ఊపిరిగొట్టంలోకి పోయి దగ్గుతూ వచ్చిన పిల్లల్లో గింజ మామూలుగా ఎక్స్‌రేలో కనబడదు, అందుకే గాలి వదిలినప్పుడు కూడా ఒకటి తీయమంటారు. ఊపిరి తీస్తుంటే గీమని శబ్దం వస్తున్న పిల్లాణ్ని, చొంగ కారుస్తూ మింగలేకపోతున్న పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టకండి. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టే తీయండి. పట్టుకునేది లెడ్ ఏప్రాన్ వేసుకున్న తల్లో తండ్రో అయి ఉండాలి. తల్లి గర్భవతి కాదని ముందే అడిగి తెలుసుకోవాలి. మనం పట్టుకోకూడదు, వాళ్లకి ఒక్కసారి, మనకి రోజూ. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి మనకి పెట్టిన రేడియేషన్ పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మన మీద పడే రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ డ్రాయర్‌లో పెట్టి డ్యూటీ చేసేవాళ్లకి ఆ లెక్క ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు కాంట్రాస్ట్, అంటే లోపలి భాగాలు స్కాన్‌లో స్పష్టంగా కనబడడానికి నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు. సీటీలో మీకు నిజమైన టెన్షన్ ఇక్కడే.

ముందు కిడ్నీ. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.2 అని చూసి నార్మల్ అనుకోకండి. పాతికేళ్ల కుర్రాడికి 1.2 అంటే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) 86 దాకా వస్తుంది. డెబ్భై ఐదేళ్ల ఆవిడకి అదే 1.2 అంటే 47 దగ్గర ఉంటుంది. అంకె ఒకటే, కిడ్నీలు ఒకటి కాదు. వయసు, ఆడా మగా వేసి లెక్క కట్టాలి, ఫోన్‌లో అర నిమిషం పని. 30 కంటే తక్కువ వస్తే రేడియాలజిస్టుకి చెప్పకుండా సిరంజి ముట్టుకోవద్దు. అలాంటివాళ్లు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అది ఆపించి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మళ్లీ మొదలుపెట్టిస్తారు. "షుగర్ బిళ్ల" అంటారు తప్ప పేరు చెప్పలేరు, స్ట్రిప్పు తెప్పించి చూడండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చినవాళ్లయితే నేను మరీ జాగ్రత్తపడతాను. బీపీ, షుగర్ ఏమీ లేకుండా కొబ్బరితోటలో పనిచేసుకునే మనిషి, చూడ్డానికి దిట్టంగా ఉంటాడు, క్రియాటినిన్ చూస్తే 4 ఉంటుంది. పక్షవాతం, యాక్సిడెంట్ లాంటి అత్యవసర కేసుల్లో రిపోర్టు కోసం ఆగకుండా చేయమని డాక్టర్ చెప్పొచ్చు, అది ఆయన రాతపూర్వకంగా తీసుకోవాల్సిన నిర్ణయం.

తర్వాత ఎలర్జీ. "ఎలర్జీ ఉందా?" అంటే అందరూ లేదంటారు. "ఏదైనా మందు పడదా?" అని అడగండి, అప్పుడు పెన్సిలిన్ అనో సల్ఫా అనో బయటికొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ఇంతకుముందు స్కాన్‌లో నరానికి మందు ఎక్కించినప్పుడు ఏమైనా అయిందా? దద్దుర్లు వచ్చాయన్నా, గొంతు పట్టేసిందన్నా అదే అసలు ప్రమాద సూచన. ఉబ్బసం కూడా అడగాలి. రొయ్యలు పడవు కాబట్టి కాంట్రాస్ట్ కుదరదని కోస్తాలో ఇప్పటికీ వెనక్కి పంపేవాళ్లున్నారు. రొయ్యల ఎలర్జీకీ అయోడిన్‌కీ సంబంధం లేదు. దాన్ని మిగతా ఎలర్జీల్లాగే రాసుకుని డాక్టర్‌కి చెబితే చాలు.

పరగడుపున రమ్మనడం మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఇప్పుడు వాడే కాంట్రాస్ట్‌లకి అది అవసరం లేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నా, చాలా సెంటర్లు నాలుగు గంటలు మానమంటూనే ఉన్నాయి. మీ సెంటర్ పద్ధతి ఏదైనా, ఒకటి మాత్రం అడగండి: పొద్దున ఇన్సులిన్ వేసుకున్నారా? ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ మానేసి, పదకొండింటి దాకా కూర్చున్నవాళ్లే మన గదుల్లో కుప్పకూలేది. చేతులు వణుకుతూ, చెమట పట్టి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తుంటే సిస్టర్‌ని పిలిచి షుగర్ చూపించండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉండి మింగగలిగితే గ్లూకోజు నీళ్లు తాగిస్తారు. స్కాన్ తర్వాత సంగతి.

ఎక్కించే ముందు క్యానులాలో (నరంలో పెట్టిన ప్లాస్టిక్ గొట్టంలో) సెలైన్ నెట్టి చూడాలి. రక్తనాళాల స్కాన్లకి సెకనుకి 4, 5 ఎంఎల్ వేగంతో వెళ్తుంది, సన్న క్యానులా తట్టుకోదు. మందు వెళ్లేటప్పుడు ఏమవుతుందో ముందే చెప్పండి: "ఒళ్లంతా వేడిగా అవుతుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, పోదు, భయపడకండి." ఈ ఒక్క మాట చెప్పకపోతే సగం మంది ఉలిక్కిపడి కదులుతారు. "చెయ్యి మండినా, ఉబ్బినా గట్టిగా అరవండి" అని కూడా చెప్పండి. మొదటి కొన్ని సెకన్లు నేను క్యానులా దగ్గర వేలు పెట్టి చూసి బయటికొస్తాను. చర్మం కింద బుడగలా లేస్తే అక్కడే ఆపేయడమే.

రియాక్షన్ మొదలయ్యేటప్పుడు పెద్దగా హడావుడి ఉండదు. వరసగా తుమ్ములు, అరచేతుల్లో దురద, గొంతులో ఏదో అడ్డం పడినట్టు చిన్న దగ్గు, మాట బొంగురుపోవడం. మనిషి ఇవి చెప్పడు, మనమే గమనించాలి. తీవ్రమైనవి ఎక్కువగా మొదటి 20 నిమిషాల్లోనే వస్తాయి. అందుకే స్కాన్ అయ్యాక అరగంట కూర్చోబెట్టాలి, క్యానులా అప్పుడే తీయకూడదు. బస్సుకి టైమైందని బతిమాలతారు, వినకండి. ఊపిరి ఆడక, బీపీ పడిపోతుంటే డాక్టర్ ఇచ్చే మొదటి మందు అడ్రినలిన్, పెద్దవాళ్లకి 1:1000 ద్రావణం అర ఎంఎల్, తొడ కండలోకి. మనం ఇవ్వకపోవచ్చు, కానీ ఆ ఆంపుల్ ఏ డ్రాయర్‌లో ఉంది, గడువు ఎప్పటిదాకా ఉంది అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఎక్స్‌పోజర్ సమయంలో కళ్లు మానిటర్ మీద కాదు, లెడ్ గ్లాసులోంచి మనిషి మీద ఉండాలి. ఛాతీ ఎక్స్‌రేకి నిలబెట్టినప్పుడు కళ్లు తిరిగి పడేవాళ్లు పడే ముందు ఆవులిస్తారు, ముఖం పాలిపోతుంది, మోకాళ్లు సడలుతాయి. అనుమానముంటే స్టూలు మీద కూర్చోబెట్టే తీయండి. ఊపిరి ఆజ్ఞలు ముందు ఒకసారి రిహార్సల్ చేయించండి. "శ్వాస పీల్చండి" అంటే అర్థంకాని మనిషికి "గాలి బాగా లాగి బిగబట్టు తాతా" అంటే అర్థమవుతుంది. తెలంగాణలో "దమ్ము తీస్కో, దమ్ము పట్టు" అనాలి. హైదరాబాద్‌లో "సాఁస్ లో, రోకో" కూడా రావాలి. ఈ రిహార్సల్‌లో ఇంకో పరీక్ష జరిగిపోతుంది, పది సెకన్లు బిగబట్టలేని మనిషి ఎవరో మనకి ముందే తెలుస్తుంది. ఇంకో మాట. ఇందాకటి దాకా మూలుగుతున్న మనిషి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే నొప్పి తగ్గిందనుకోకండి. వెళ్లి పిలవండి, భుజం తట్టండి.

గొట్టాలున్న పేషెంట్లని స్ట్రెచర్ నుంచి టేబుల్ మీదకి మార్చే ముందు ప్రతి గొట్టాన్నీ మొదలు నుంచి చివరిదాకా కంటితో ఒకసారి వెంబడించండి. ఛాతీ గొట్టం సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి, పైకెత్తితే అందులో నీళ్లు లోపలికి వెళ్తాయి. మార్చేటప్పుడు వార్డు బాయ్ సీసాని పేషెంట్ కాళ్ల మధ్య పెట్టేస్తాడు, మీరే పట్టుకుని కింద పెట్టండి. డాక్టర్ చెప్పకుండా గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు వేయొద్దు. మూత్రం సంచీ కూడా అంతే, కిందే. విరిగిన కాలుని లాగి ఉంచే ట్రాక్షన్ బరువులు మనం తీయకూడదు.

చూసింది చూసినట్టు చెప్పడం కూడా నేర్చుకోవాలి. "సార్, పేషెంట్ బాగోలేడు" అంటే పీజీ డాక్టర్ "వస్తున్నా" అని ఫోన్ పెట్టేస్తారు. "సార్, సీటీ నుంచి. యాక్సిడెంట్ కేసు, మగ, నలభై ఏళ్లు. వచ్చినప్పుడు మాట్లాడాడు, ఇప్పుడు పిలిస్తే కళ్లు తెరవడం లేదు, నాడి 130" అంటే పరిగెత్తుకొస్తారు. ఎన్నింటికి చేశారో, ఎవరికి చెప్పారో రిజిస్టర్‌లో రాయండి. బయట బంధువులు "ఏముందండీ ఎక్స్‌రేలో?" అని చుట్టుముడతారు. మనకి కనబడినా మనం చెప్పకూడదు, "డాక్టర్ గారు చూసి చెప్తారు" అనాలి. కానీ ముఖంలో కూడా చూపించకూడదు, అది కాస్త కష్టం.

నైట్ డ్యూటీకి వెళ్లగానే చేసే పనులు చెప్పి ఆపుతాను. నోట్లో కఫం, వాంతి లాగేసే సక్షన్ పనిచేస్తోందో లేదో ఆన్ చేసి చూడండి. ఆక్సిజన్ సిలిండర్ ముల్లు ఎక్కడుందో, దాన్ని తిప్పే కీ అక్కడే ఉందో లేదో చూడండి, సిలిండర్ నిండుగా ఉండి కీ దొరకని రాత్రులు చూశాను. ఎమర్జెన్సీ ట్రే తెరిచి చూడండి. గోడ మీద డ్యూటీ డాక్టర్ నంబర్ రాసి ఉంటుంది, దానికి ఒకసారి ఫోన్ చేసి ఎవరెత్తుతారో కూడా చూడండి. మా దగ్గర ఒకసారి ఆ నంబర్ ఎప్పుడో మారిపోయింది. అవసరమైన రాత్రి చేస్తే క్యాంటీన్‌లో మోగింది.